మరిగే రసానికి ఏ గొట్టం?

వినైల్ గొట్టం చుట్ట మీద ఉష్ణోగ్రత పరిమితి అని ఒక అంకె వేసి ఉంటుంది. రకాన్ని బట్టి 65 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్యలో ఉంటుంది. ఆ అంకె దాటగానే గొట్టం కరిగిపోతుందని కొందరు భయపడతారు. అంకెకు లోపల ఉన్నంతసేపు ఏ బెంగా లేదని ఇంకొందరు ధీమాగా ఉంటారు. రెండూ నిజం కాదు. లోపల ఎంత ఒత్తిడి ఉంది, వేడి ఎంతసేపు ఉంటుంది, ఏ ద్రవం పారుతోంది అనే మూడు షరతులకు లోబడి ఇచ్చిన హామీ అది. షరతులు మారితే హామీ కూడా మారుతుంది. ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు మరిగే రసాన్ని ఒక గుండిగలోంచి మరో పాత్రలోకి పంపడానికి ఏ గొట్టం కొనాలన్న ప్రశ్నకు జవాబు ఆ షరతుల్లోనే ఉంది.

ఈ ప్రశ్న ఎక్కువగా అడిగేది అమెరికాలో. అక్కడ మద్యనిషేధం 1933లో రద్దయినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోవడానికి వెసులుబాటు దొరికింది కానీ బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ లోటు తీరింది. ఇంట్లో ఒక్కరే పెద్దవారుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు సొంత వాడకానికి పన్ను లేకుండా కాచుకోవచ్చు. అదే ఏడాది కొలరాడో రాష్ట్రంలోని బోల్డర్‌లో అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన చార్లీ పపాజియన్ చదివింది న్యూక్లియర్ ఇంజినీరింగ్. రాష్ట్రాల్లో చివరగా అలబామా, మిసిసిపి 2013లో దారికొచ్చాయి. బ్రిటన్ అంతకుముందే, 1963లో, ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేదని తేల్చేసింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం లైసెన్సు లేకుండా బీరు కాచడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. అందుకని ఈ అధ్యాయం అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండే తెలుగువారికి చేతికి పనికొచ్చే సమాచారం, ఇక్కడున్నవారికి పదార్థాల కథ. కథగా చదివినా వృథా పోదు. స్నానాలగదిలో గీజర్ పైపు, కుక్కర్ గాస్కెట్, హోటల్ నుంచి సాంబారు తెచ్చుకునే పల్చటి కవరు, అన్నీ ఈ శాస్త్రం కిందికే వస్తాయి.

ముందు రసం ప్రయాణం చూద్దాం. ఇంట్లో ఒక విడత అంటే సాధారణంగా 5 గ్యాలన్లు, దాదాపు 19 లీటర్లు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. దాన్ని బరకగా పిండి పట్టి 65–68 డిగ్రీల నీటిలో గంటసేపు నానబెడతారు; దీన్ని మాష్ అంటారు. ఆ వేడిలో గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. తర్వాత 76 డిగ్రీల దాకా వేడిచేసి, గింజల్ని వేడినీటితో కడిగి, తీపి రసాన్ని దించుకుంటారు. ఈ రసం పేరు వర్ట్. దాన్ని గంటసేపు కళపెళ మరిగించి, మధ్యలో హాప్స్ పువ్వులు వేస్తారు. ఆపైన వీలైనంత వేగంగా 20 డిగ్రీలకు చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. అక్కడి నుంచి రెండు వారాల పాటు పులియడమే.

పొయ్యి నుంచి చల్లార్చే యంత్రం దాకా ఉన్న దారిని బ్రూయర్లు వేడి వైపు అంటారు. ఆ తర్వాతది చల్లని వైపు. గొట్టాల విషయంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఒక వైపు గొట్టాన్ని రెండో వైపు వాడటం వల్ల వచ్చేవే. వేడి వైపు రసం 65 డిగ్రీల నుంచి 100 డిగ్రీల దాకా ఉంటుంది. అంటే హార్డ్‌వేర్ దుకాణంలో చౌకగా దొరికే పారదర్శకపు వినైల్ గొట్టానికి ఆ దారి మొదలయ్యేచోటే శక్తి అయిపోతుంది.

వినైల్ అంటే పీవీసీ, పాలీవినైల్ క్లోరైడ్. 1872లో జర్మనీలో ఆయిగెన్ బౌమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఎండ తగిలేచోట ఉంచిన వినైల్ క్లోరైడ్ ఫ్లాస్కుల్లో తెల్లటి గట్టి పదార్థం పేరుకోవడం గమనించాడు. అది పెళుసుగా ఉండేది, దాంతో ఏం చేయాలో అప్పటికి ఎవరికీ పాలుపోలేదు. 1926లో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్రిచ్ కంపెనీలో వాల్డో సెమన్ రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతూ, పీవీసీని చాలా ఎక్కువ వేడికి గాని మరగని ఒక ద్రావణిలో కాచాడు. జిగురు దొరకలేదు. చల్లారాక సాగే, వంగే పదార్థం మిగిలింది. ఈనాటి మెత్తటి వినైల్ వస్తువులన్నీ దాని సంతానమే.

పీవీసీ అణువులు పొడవాటి గొలుసులు. గొలుసు మీద ప్రతి రెండో కార్బన్‌కూ ఒక క్లోరిన్ వేలాడుతూ ఉంటుంది. క్లోరిన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది గనుక పక్కపక్క గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. అందుకే ఏమీ కలపని పీవీసీ బోరు పైపులా గట్టిగా ఉంటుంది. మెత్తబడాలంటే గొలుసుల మధ్య దూరే నూనెలాంటి చిన్న అణువులు కావాలి. వాటి పేరు ప్లాస్టిసైజర్లు. ఉడికి ముద్దగా అతుక్కున్న సేమ్యాలో చెంచాడు నెయ్యి వేస్తే పోగులు విడివడి జారినట్టే, ఇవి చేరాక గొలుసులు జారడం మొదలుపెడతాయి. మెత్తటి వినైల్ వస్తువు బరువులో మూడో వంతు దాకా ప్లాస్టిసైజరే ఉండొచ్చు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ చిన్న అణువులు గొలుసులకు రసాయన బంధంతో కట్టుబడి ఉండవు. ఊరికే మధ్యలో కూర్చుని ఉంటాయి.

దీని ఫలితాలు రెండు. మొదటిది కంటికి కనిపిస్తుంది. వేడెక్కిన కొద్దీ గొలుసుల పట్టు సడలి గొట్టం ఉడికిన కాడలా వాలిపోతుంది. నిపిల్ మీద బిగుతుగా ఎక్కించిన చివర వదులై జారిపోతుంది. వంపు తిరిగినచోట మడతపడి దారి మూసుకుపోతుంది. ఇదంతా జరగడానికి గొట్టం కరగనక్కర్లేదు. పీవీసీ కచ్చితమైన ద్రవీభవన స్థానం ఉన్నట్టు ప్రవర్తించదు కూడా. గట్టిదనం నుంచి మెత్తదనానికి మెల్లగా మారిపోతుంది. వేడి రసం పారాక వినైల్ పాలలా తెల్లబడితే చాలామంది పాడైపోయిందనుకుంటారు. అది నీటిని పీల్చుకున్నందువల్ల వచ్చిన మసక, ఆరితే చాలావరకు పోతుంది.

రెండో ఫలితం కంటికి కనిపించదు. కట్టుబడి లేని అణువులు ద్రవంలోకి వలస వెళ్తాయి. వేడి పెరిగితే వలస వేగం పెరుగుతుంది. నీటిలోకి కొద్దిగా, ఆల్కహాల్‌లోకి అంతకంటే ఎక్కువగా, నూనెలోకి ఇంకా ఎక్కువగా వెళ్తాయి. అందుకే ఆహారానికి తగిలే ప్లాస్టిక్‌ను పరీక్షించే ప్రయోగశాలలు ఒక్క నీటితో సరిపెట్టుకోవు. నీరు, పల్చటి ఎసిటిక్ ఆమ్లం, ఆల్కహాల్, నూనెకు ప్రత్యామ్నాయం, ఇలా వేర్వేరు ద్రవాల్లో నిర్ణీత వేడిలో నిర్ణీత కాలం ఉంచి, ఎంత పదార్థం దిగిందో తూస్తారు. మన దేశంలో ఆహార భద్రత సంస్థ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో ఈ మొత్తం వలసకు పెట్టిన హద్దు కిలోకు 60 మిల్లీగ్రాములు. థాలేట్లు అనే తరగతి ప్లాస్టిసైజర్లలో డీఈహెచ్‌పీ మీద శరీరంలోని హార్మోన్ల వ్యవస్థకు హాని చేస్తుందన్న ఆధారాలు బలంగా ఉన్నాయి. పిల్లల బొమ్మల్లో దాన్ని ఐరోపా కట్టడి చేసింది. ఇప్పుడు పానీయాల కోసం తయారయ్యే వినైల్ గొట్టాలు చాలావరకు థాలేట్లు లేనివే. కానీ హార్డ్‌వేర్ దుకాణంలో ఏ ముద్రా లేకుండా మీటర్ల లెక్కన కోసి ఇచ్చే గొట్టం గురించి ఆ మాట చెప్పలేం. దాంట్లోంచి మరిగే రసం పంపడం సరైన పని కాదు. అంత కచ్చితంగా ఎందుకు అంటున్నానంటే, మంచి గొట్టానికీ దానికీ ధరలో ఉన్న తేడా ఒక విడత మాల్ట్ ఖరీదును కూడా మించదు.

తోటకు నీళ్లు పెట్టే పైపు సంగతి ఇంతకంటే తీసికట్టు. దాన్ని తాగునీటి కోసం చేయరు, కొన్నిటి ఇత్తడి బిగింపుల్లో సీసం ఉంటుంది. దాంట్లోంచి వచ్చిన నీటికి రబ్బరు వాసన పడుతుంది. నీళ్లు పట్టడానికైనా తాగునీటి పైపు అని రాసి ఉన్నదే కొనాలి.

మరి గీజర్‌కు వాడే క్రీము రంగు సీపీవీసీ పైపు వేడినీటిదే కదా, అది సరిపోదా అని హైదరాబాదులోనో విజయవాడలోనో ఇల్లు కట్టుకున్నవారెవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్న. పీవీసీ బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్ ఉంటే, సీపీవీసీలో దాన్ని 63 శాతం పైకి పెంచుతారు. గొలుసుల పట్టు ఇంకా బిగుసుకుని, మెత్తబడే ఉష్ణోగ్రత పైకి వెళ్తుంది. ఆ పైపు మీద ఉండే రేటింగు చదివితే ఈ అధ్యాయం మొదట్లో చెప్పిన హామీ సంగతి తేటగా కనిపిస్తుంది. అమెరికాలో ఇళ్లకు వాడే సీపీవీసీ పైపుకు 23 డిగ్రీల వద్ద 400 పీఎస్ఐ ఒత్తిడి అనుమతిస్తారు. 82 డిగ్రీల వద్ద అదే పైపుకు 100 పీఎస్ఐ మాత్రమే. పెక్స్ అనే గొలుసులు ముడివేసిన పాలిథిన్ పైపుకు 23 డిగ్రీల వద్ద 160, 82 వద్ద 100, 93 వద్ద 80. పదార్థం ఒకటే. వేడి పెరిగిన కొద్దీ ఓర్చుకునే ఒత్తిడి తగ్గుతూ పోయింది. గొట్టం మీది అంకెను ఇలాగే, జంటగా, చదవాలి. ఒత్తిడి చెప్పని ఉష్ణోగ్రత సగం మాటే.

సీపీవీసీ 82 దగ్గరే ఆగుతుంది, మనకు 100 కావాలి. పైగా అది వంగదు. మాష్ పాత్ర నుంచి పంపుకు, పంపు నుంచి గుండిగకు, గుండిగ నుంచి చల్లార్చే యంత్రానికి ఒకే గొట్టాన్ని మార్చి మార్చి తగిలించే ఇంటి పనికి వంగని పైపు పనికిరాదు. టెఫ్లాన్‌గా మనకు తెలిసిన పీటీఎఫ్ఈ 260 డిగ్రీల దాకా నిలుస్తుంది, దాదాపు ఏ రసాయనానికీ లొంగదు. అయితే అదీ బిర్రుగా ఉంటుంది, మడతపడితే ఆ మడత పోదు. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దాకా కరగదు గనుక బిగింపులకు బాగుంటుంది, గొట్టంగా గట్టి. వేడికి ఓర్వాలి, పువ్వు కాడలా వంగాలి, రుచి అంటించకూడదు. ఈ మూడూ ఒకేచోట దొరికేది సిలికోన్‌లో.

దాని కథ నిరాశతో మొదలైంది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ కిపింగ్ ఇరవయ్యో శతాబ్దం తొలి నాళ్ల నుంచి సిలికాన్‌ను కార్బన్‌కు కలిపి సమ్మేళనాలు చేస్తూ వచ్చాడు. స్ఫటికాలు కావాలని చూస్తే బంకలు, జిగట ముద్దలు మిగిలేవి. వాటిని ఆయన పనికి అడ్డుగానే చూశాడు. 1930లలో, రిటైరయ్యే వయసులో, ఈ రంగం నుంచి దగ్గర్లో చెప్పుకోదగ్గ ప్రయోజనం వస్తుందన్న ఆశ లేదనే చెప్పాడు. ఆ జిగటే అసలు సరుకని పరిశ్రమ కొద్ది ఏళ్లకే తెలుసుకుంది. 1940 మేలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో యూజీన్ రోకోవ్ వేడి సిలికాన్ పొడి మీదుగా, రాగి ఉత్ప్రేరకంగా, మిథైల్ క్లోరైడ్ వాయువును పంపి సిలికోన్ ముడిసరుకును నేరుగా చేసే పద్ధతి కనిపెట్టాడు. 1943లో డౌ కార్నింగ్ కంపెనీ ఏర్పడింది. యుద్ధకాలంలో విమానాల ఇగ్నిషన్ వ్యవస్థలను తేమ నుంచి కాపాడటానికి సిలికోన్ ముద్దను వాడారు.

సిలికోన్ గొలుసులో కార్బన్‌కు కార్బన్ చేతులు కలపదు. సిలికాన్, ఆక్సిజన్, మళ్లీ సిలికాన్, మళ్లీ ఆక్సిజన్ వరసగా ఉంటాయి. ఇసుకలోనూ గాజులోనూ ఉన్న బంధమే ఇది. కార్బన్–కార్బన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు దాదాపు 350 కిలోజౌల్‌ల శక్తి చాలు. సిలికాన్–ఆక్సిజన్ బంధానికి దాదాపు 450 కావాలి. పైగా దానికి ఇప్పటికే ఆక్సిజన్ తగులుకుని ఉంది గనుక గాలిలోని ఆక్సిజన్ దాన్ని అంత సులభంగా కొరకలేదు. 200 డిగ్రీల దాకా సిలికోన్ రబ్బరు నిలకడగా ఉండగలగడానికి కారణం ఇదే. మరుగుతున్న రసం దాని హద్దుకు సగమే.

బంధం గాజుదే అయితే గొట్టం గాజులా గట్టిగా ఎందుకు లేదు? సిలికాన్‌కు రెండు పక్కలా మిథైల్ గుంపులు వేలాడుతుంటాయి. ఒక గొలుసు మరో గొలుసుతో దగ్గరగా చేరి పట్టు పట్టకుండా ఇవి దూరం ఉంచుతాయి. ఆక్సిజన్ దగ్గర గొలుసు దాదాపు స్వేచ్ఛగా మెలిక తిరుగుతుంది. ఫలితంగా ఈ పదార్థం బిగుసుకుని గాజులా మారాలంటే సున్నాకు 120 డిగ్రీలకు పైగా కిందికి పోవాలి. మెత్తదనం గొలుసు స్వభావంలోనే ఉంది, దానికి ప్లాస్టిసైజర్ అక్కర్లేదు. వినైల్‌లోంచి వలస వెళ్లే నూనె ఇక్కడ అసలు లేదు. వేడి వైపు సిలికోన్‌నే ఎంచుకోవడానికి నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ఇది, ఉష్ణోగ్రత అంకె కంటే పెద్దది.

ఇదే గుణానికి రెండో ముఖం ఉంది. గొలుసులు దూరదూరంగా, కదులుతూ ఉంటే వాటి మధ్య ఖాళీల్లోంచి వాయువులు తప్పించుకుపోతాయి. సహజ రబ్బరు కంటే సిలికోన్ ఇరవై రెట్లకు పైగా ఆక్సిజన్‌ను పోనిస్తుంది. మెత్తటి వినైల్‌తో పోలిస్తే ఇంకా ఎన్నో రెట్లు. వైద్యులకు ఇది వరం. కృత్రిమ ఊపిరితిత్తిలా రక్తానికి ఆక్సిజన్ అందించే యంత్రాల్లో సిలికోన్ పొరలు వాడారు. కంటికి గాలి తగిలే కాంటాక్ట్ లెన్సులు దీనివల్లే సాధ్యమయ్యాయి. పులిసిన బీరుకు మాత్రం ఇది శాపం. ఆక్సిజన్ చేరిన బీరులో ట్రాన్స్-2-నోనెనాల్ లాంటి ఆల్డిహైడ్ల రుచి పైకి తేలి తడిసిన అట్టముక్క వాసన కొడుతుంది. పీపాలోంచి కుళాయికి సిలికోన్ గొట్టం వేస్తే, అందులో రాత్రంతా నిలిచిన బీరు బుడగలు పోగొట్టుకుని, ఆక్సిజన్ పీల్చుకుని, మర్నాడు మొదటి గ్లాసు చప్పగా వస్తుంది. అక్కడ కావలసింది పానీయాల కోసం చేసిన వినైల్, అంతకంటే మెరుగుగా లోపలి పొర ఆక్సిజన్‌ను అడ్డుకునే బారియర్ గొట్టం. వేడి వైపు రసం గొట్టంలో ఉండేది కొన్ని నిమిషాలే. చల్లారిన రసానికైతే ఈస్ట్ పెరగడం కోసం ఆక్సిజన్‌ను మనమే కావాలని కలుపుతాం. కనుక అక్కడ సిలికోన్ గాలిని పోనివ్వడం లెక్కలోకి రాదు.

సిలికోన్ అని రాసిన ప్రతి గొట్టమూ ఒకటి కాదు. మెత్తటి ముద్దను గొట్టంగా సాగదీశాక గొలుసులను అక్కడక్కడ ఒకదానికొకటి ముడివేయాలి. లేకపోతే అది జారిపోతూనే ఉంటుంది. ఆ ముడులు వేసే పద్ధతులు రెండు. పెరాక్సైడ్ పద్ధతిలో ఆమ్లాల అవశేషాలు మిగులుతాయి. ఓవెన్‌లో చాలాసేపు వేడిచేసి వాటిని తరిమేయాలి. ఆ పని సరిగా చేయకపోతే గొట్టం మీద తెల్లటి పొడి బయటికొస్తుంది, రసానికి వాసన పడుతుంది. ప్లాటినం ఉత్ప్రేరకంతో ముడివేసే పద్ధతిలో అలాంటి అవశేషాలు లేవు. ధర ఎక్కువైనా ఆసుపత్రులు, మందుల కంపెనీలు దాన్నే కోరుకుంటాయి. ఇంటి బ్రూయర్‌కు రెండూ నడుస్తాయి, పెరాక్సైడ్‌ది ఆహారానికి ధ్రువీకరణ ఉన్నదైతే. అమెరికాలో పదేపదే వాడే రబ్బరు వస్తువుల నిబంధన సంఖ్య 21 సీఎఫ్ఆర్ 177.2600. ఆహార పరికరాల పదార్థాల ప్రమాణం ఎన్ఎస్ఎఫ్ 51. ఈ రెండింటిలో ఒక్కటైనా గొట్టం మీద ముద్రించి ఉంటే, ఎవరో పరీక్ష పెట్టారని అర్థం. ఫుడ్ గ్రేడ్ అనే ఒంటి మాటకు అంత బరువు లేదు.

మార్కు చెరిగిపోయిన పాత గొట్టం ఏమిటో తెలుసుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి, గొట్టానికి ఆనించి, అంటుకున్న ముక్కతో మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉంది, అంటే అది వినైల్. సిలికోన్ ముక్క కాలితే తెల్లటి బూడిద మిగులుతుంది. అది సిలికా, ఇసుక జాతిదే. వినైల్ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది గనుక ఈ పరీక్ష ఆరుబయట, గోరంత ముక్కతో చేయాలి.

ఇక బిగింపు. ఇళ్లలో ఎక్కువగా వాడేది లోపలి వ్యాసం అర అంగుళం, బయటి వ్యాసం ముప్పావు అంగుళం ఉన్న సిలికోన్. గోడ మందం 3 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. ఇంతకంటే పల్చటి గోడ తీసుకోవద్దని చెప్తాను. సిలికోన్ మెత్తన గనుక పంపు పీల్చే వైపు తగిలిస్తే, పల్చటి గోడ లోపలికి కుంగి దారి మూసుకుంటుంది. దాని ఇంకో బలహీనత చిరగడం. సాగుతుంది, కానీ ఒక చిన్న గాటు పడితే అది పాకిపోతుంది. హోస్ నిపిల్ గాళ్లు పదునుగా ఉంటే, స్క్రూ క్లిప్ అంచు కోస్తే, చీలిక అక్కడే మొదలవుతుంది. నిపిల్‌ను తడిపి ఎక్కించడం, మరీ బిగించకపోవడం, ప్రతిసారీ చివర్లను వేలితో తడిమి చూడటం అలవాటు చేసుకోవాలి. క్లిప్ మాత్రం మానకూడదు. సిలికోన్ జారుడుగా ఉంటుంది, వేడి రసం తగిలితే ఇంకా.

దీన్ని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 60 డిగ్రీల నీరు చర్మాన్ని దాదాపు 5 సెకన్లలో తీవ్రంగా కాల్చగలదు. 70 డిగ్రీలకు ఒక సెకను చాలు. మరుగు రసంలో చక్కెర ఉంటుంది గనుక అది ఒంటికి అంటుకుని జారకుండా నిలుస్తుంది. ఊడిన గొట్టం పాములా ఊగుతూ 19 లీటర్ల మరుగు రసాన్ని చిమ్ముతుంటే దాన్ని చేత్తో పట్టుకోబోయేది మనమే. కాళ్లకు పూర్తి బూట్లు, చేతికి వేడికి తట్టుకునే గ్లవుజులు వేసుకున్నాకే కవాటం తిప్పాలి. పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. సిలికోన్ తనకు తాను 200 డిగ్రీలు ఓర్చుకున్నా, దాని గోడ వేడిని బయటికి పంపుతూనే ఉంటుంది.

పంపు వాడేవారికి భౌతిక శాస్త్రం ఇంకో ముడి వేస్తుంది. 66 డిగ్రీల నీటి బాష్ప పీడనం సుమారు 26 కిలోపాస్కల్‌లు. 93 డిగ్రీల వద్ద అది 78కి చేరుతుంది. బయటి గాలి ఒత్తిడి 101. అంటే మాష్ రసాన్ని పంపు పీల్చినప్పుడు ఒత్తిడి 75 దాకా తగ్గినా పర్వాలేదు. మరిగి దిగిన రసంలో 23 తగ్గితే చాలు, గొట్టంలోనే ఆవిరి బుడగలు పుడతాయి, పంపు గరగరమంటూ ఆగిపోతుంది. కాబట్టి పీల్చే వైపు గొట్టం పొట్టిగా, వెడల్పుగా, మెలికలు లేకుండా ఉండాలి. పంపు గుండిగ కంటే కింద ఉండాలి. ప్రవాహం తగ్గించాలంటే బయటికి పోయే వైపు కవాటాన్నే తిప్పాలి, లోపలికొచ్చే వైపుది ఎప్పుడూ పూర్తిగా తెరిచి ఉంచాలి.

అందరూ మరిచిపోయే చోటు ఒకటుంది. రాగి చుట్టను మరుగు రసంలో ముంచి, దాంట్లోంచి చన్నీళ్లు పారించి చల్లార్చే పద్ధతి ఇళ్లలో మామూలు. ఆ చుట్టకు రెండు చివరలా చాలామంది వినైల్ గొట్టమే తగిలిస్తారు, లోపల పారేది కుళాయి నీళ్లే కదా అని. నీళ్లు వెళ్లే చివర వరకు అది నిజం. బయటికొచ్చే చివర, మొదటి నిమిషాల్లో, నీళ్లు రసమంత వేడిగా వస్తాయి. వినైల్ అక్కడ మెత్తబడి జారుతుంది. జారితే మనిషి కాలొచ్చు, లేదా కుళాయి నీళ్లు గుండిగలో పడొచ్చు. మరిగి శుద్ధమైన రసంలో శుద్ధి చేయని నీళ్లు పడ్డాయంటే లాక్టోబాసిల్లస్ లాంటి సూక్ష్మజీవులకు విందు. ఈస్ట్ కంటే ముందు అవి పనిలోకి దిగితే బీరు పులుపెక్కుతుంది. బయటికొచ్చే చివరకు సిలికోన్ తగిలించి, ఆ కలిసేచోటు గుండిగ అంచుకు బయట ఉండేలా చుట్టను వంచుకోవాలి.

శుభ్రత విషయంలో సిలికోన్ మనకు అనుకూలం. పూర్తిగా నీళ్లలో వేసి పది నిమిషాలు మరిగించవచ్చు, ఆ పని వినైల్‌తో కుదరదు. గాఢమైన ఆమ్లాలు, గాఢమైన క్షారాలు మాత్రం సిలికాన్–ఆక్సిజన్ బంధాన్ని విడగొడతాయి. ఒత్తిడితో కూడిన ఆవిరి చాలాకాలం తగిలినా బలహీనపడుతుంది. బ్రూయింగ్‌కు వాడే పల్చటి క్లీనర్లతో ఆ ప్రమాదం లేదు. వాసనలను మాత్రం పట్టేసుకుంటుంది. ఘాటైన హాప్స్‌తో చేసిన బీరు తర్వాత అదే గొట్టంలో తేలికపాటి బీరు పంపితే పాత వాసన పలకరించవచ్చు. వాడిన వెంటనే వేడినీళ్లతో కడిగి, రెండు చివరలూ కిందికి వేలాడేలా ఆరేయడం మేలు. తడి నిలిచిన గొట్టంలోపల చేరే పొర తర్వాత ఏ బ్రష్‌కూ లొంగదు.

కొనేటప్పుడు వేడి వైపుకు మందపాటి గోడ ఉన్న, ప్రమాణ సంఖ్య ముద్రించిన సిలికోన్, పీపా కుళాయికి బారియర్ గొట్టం తీసుకోండి. రెండూ కలిసిపోకుండా వేడి గొట్టాల చివర్లకు ఎర్ర టేపు చుట్టండి. చీలిక కనిపించిన గొట్టాన్ని ఈ ఒక్కసారికి కానిద్దాం అనుకోకుండా, చివర రెండంగుళాలు కోసేసి మళ్లీ బిగించండి. చీలిక మధ్యలో ఉంటే పారేయండి.